బెండకాయ ముద్ర

మా ఇంట్లో ఓటు పాఠం బెండకాయతో మొదలయ్యేది. ఎన్నికలకు ముందు వచ్చే ఆదివారం బాపు ముదురు బెండకాయలు ఏరి తెచ్చేవాడు. కూరకు పనికిరాని కాయలు తెచ్చాడని అమ్మ సణిగేది. ఆయన వాటిని తొడిమ దగ్గర అడ్డంగా కోసి, బట్టలకు పెట్టే నీలం నీళ్లలో ముంచి, పాత పేపరు ముక్క మీద ఒత్తేవాడు. నీలిరంగు పువ్వు పడేది. ఆ ముక్కల మీద అంతకుముందే బొగ్గుతో పార్టీల గుర్తులు ఒకదాని కింద ఒకటి గీసి ఉంచేవాడు. గల్లీలో చదువురాని ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకొని వచ్చి మా వాకిట్లో కూర్చునేవారు. "ముద్ర గీత మీద పడితె ఓటు ఖరాబైతది. కాయితం గిట్ల నిలువుకు మడువాలె. అడ్డం మడిస్తె సిరా కింది గుర్తుకు అంటుకుంటది, గప్పుడు మీ ఓటు ఎవరికీ కాకుంట పోతది" అని ఓపిగ్గా చెప్పేవాడు. ఏ గుర్తు మీద వేయాలో వేరే చెప్పే పని లేదు. అందరూ బాపు గుర్తు మీదే వేసేవారు.

బాపు బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరు, యూనియన్ మనిషి. ఆయనది ఏ పార్టీయో చెప్పను. చెప్పినా లాభం లేదు. అప్పట్లో ఉప్పూ నిప్పుగా ఉన్నవాళ్లు ఆ తర్వాత ఎన్నిసార్లు ఒకే పళ్లెంలో తిన్నారో చూశాక, పేర్లు చెప్పాలంటే నాకే విసుగొస్తుంది.

ఆ పాఠం ఎంత బాగా ఎక్కేదంటే, ఒక ఎన్నికలో మా నాయినమ్మ బెండకాయ ముక్కను కొంగున ముడేసుకొని ఓటింగుకు పోయింది. అక్కడి ఆఫీసరు రబ్బరు ముద్ర చేతికిస్తే, తన ముద్ర తన దగ్గరే ఉందని చెప్పి తిరిగి ఇచ్చేసింది. బాపు తన పార్టీ తరఫున ఏజెంటుగా అదే గదిలో కూర్చొని ఉన్నాడు. తల్లిని తెలియదనలేడు, తెలుసనలేడు. ఎదురుపార్టీ ఏజెంటు కడుపు పట్టుకొని నవ్వాడట. ఆ తర్వాత చాలాకాలం గల్లీలో నాయినమ్మ కనబడితే చాలు, బెండకాయలు ఎట్లిస్తున్నవని అడిగేవారు.

యాకుత్‌పురా స్టేషను వెనక గల్లీలో మాది రెండు వాటాల ఇల్లు. వెనక వాటాలో మేం అద్దెకుండేవాళ్లం. ముందు వాటాలో బాపుతోపాటు వర్క్‌షాపులో పనిచేసే ఆయనా, ఆయన భార్యా ఉండేవారు. వాళ్లది కోస్తా వైపు. నౌకరీ మీద ఇటు వచ్చారు. మా వైపు చిన్నాయన, చిన్నమ్మ అంటాం. ఆమె మాత్రం చిన్నమ్మ అంటే ముసలిదాన్ని పిలిచినట్టుందని, బాబాయి, పిన్ని అనే పిలిపించుకుంది. వాళ్లకు పిల్లలు లేరు. నాకు ఆ ఇంట్లో ఎప్పుడు వెళ్లినా అడ్డు లేదు.

పిన్నికి ఒక ట్రంకుపెట్టె నిండా తెలుగు వారపత్రికలు ఉండేవి. మా గల్లీలో తెలుగు పుస్తకం దొరకడమంటే వేసవిలో నల్లా నీళ్లు దొరకడమే. కాలేజీ నుంచి రాగానే నేను ముందు వాటా మెట్టు మీద కూర్చొని సీరియళ్లు పైకి చదివేదాన్ని. పిన్ని బియ్యం ఏరుతూ వినేది. మా అమ్మ గాజులకు రాళ్లు అతికే పని పళ్లెంతో సహా అక్కడికే తెచ్చుకునేది. కథలో ఎవరికైనా కష్టమొస్తే అమ్మ చెయ్యి ఆగిపోయేది, పిన్ని బియ్యంలో రాళ్లు వదిలేసేది. ఆ రోజు అన్నంలో పంటికింద రాయి తగిలితే కథ బాగుందని లెక్క. నేను ఆనిగెపుకాయ అంటే పిన్ని పడీపడీ నవ్వేది. ఆమె దాన్నే సొరకాయండీ అని కూరగాయల భాయ్‌ని అడుగుతుంటే నేను నవ్వేదాన్ని. ఇన్నేళ్లయినా, ఎక్కడైనా ఎవరైనా కథ పైకి చదువుతుంటే నా చెవి ఆ చాటలో బియ్యం కదిలే చప్పుడు కోసం వెతుక్కుంటుంది.

అదే నవ్వు కాలేజీలో వేరేగా ఉండేది. క్లాసులో లేచి జవాబు చెబితే, ఇది ఏ భాషమ్మా అని ఒక లెక్చరరు అడిగాడు. అందరూ నవ్వారు. పిన్ని నవ్వినప్పుడు నాకు ముద్దుగా ఉండేది. ఆయన నవ్వినప్పుడు నోరు మూసుకొని కూర్చోవడం నేర్చుకున్నాను. టైపు పాసై నౌకరీలకు దరఖాస్తు పెడితే, మా ఊళ్లోనే ఉన్న ఆఫీసులో మా వాళ్లకు చోటు లేదు. అడిగితే రేపు రమ్మనేవారు. ఆ రేపు ఎప్పుడూ రాలేదు.

ఇంతలో లొల్లి మొదలైంది. మా రాష్ట్రం మాకు కావాలని కాలేజీలు బందయ్యాయి. నేనూ ఊరేగింపుల్లో నడిచాను, గొంతు పోయేదాకా అరిచాను. నా పక్క బెంచీలో కూర్చునే పిల్ల తమ్ముడు పోలీసుల తూటాకు పోయాడు. వాళ్లింటికి వెళ్లి వచ్చాక నాకు ఇక రెండో మాట లేకుండా పోయింది.

బాపు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన దృష్టిలో పనిచేసేవాళ్లంతా ఒకటే, ప్రాంతాల పేరుతో విడదీసేది దొరలే. అన్నం ముందు కూర్చుంటే మాకు ఇదే వాదన.

"బస్సు ఇంజనుకు ఏ ఊరు బిడ్డా?" అనేవాడు.

"ఇంజనుకు లేదు బాపు. నౌకరికి ఉన్నది" అనేదాన్ని నేను.

బాపు చెయ్యి ఎండిపోయేదాకా వాదించేవాడు. నిజానికి ఆయనకు నాతో వాదించడం ఇష్టం. యూనియన్ మీటింగులో తనకు ఎదురుచెప్పేవాడు లేడని, ఇంట్లో ఒక్కతి తయారైందని బాబాయికి గొప్పగా చెప్పేవాడు. నాకూ ఇష్టమే. ఎదురుగా బాబాయి కూర్చొని ఉంటే మాత్రం నా నోరు తడబడేది. నేను పొమ్మంటున్న వాళ్లలో ఆయనా ఉన్నాడు కదా.

లొల్లి ముదిరిన రోజుల్లో ఒకసారి కొందరు వర్క్‌షాపు గేటు ముందు నిలబడి ఆంధ్రావాళ్లను బయటికి పంపమన్నారు. బాపు బాబాయి తలకు తువ్వాలు చుట్టి, సైకిలు వెనక కూర్చోబెట్టుకొని, బార్కస్ మీదుగా చుట్టు తిరిగి ఇంటికి తెచ్చాడు. మర్నాడు పొద్దున లేచేసరికి ముందు వాటా గోడ మీద బొగ్గుతో పెద్దపెద్ద అక్షరాలు, వెళ్లిపొమ్మని. బాపు సున్నం కలుపుకొచ్చి వాటి మీద పూశాడు. పిన్ని గడప ముందు నీళ్లు చల్లి, రోజూ వేసేదానికంటే పెద్ద ముగ్గు వేసింది. నేను ఆ ముగ్గు దాటి కాలేజీ దోస్తుల దగ్గరికి వెళ్లాను.

లొల్లి సద్దుమణిగింది. ఎన్నికలు వచ్చాయి. ఇరవై ఒకటి నిండితేగానీ ఓటు లేని కాలం అది. నాకు అప్పుడే నిండాయి. మా రాష్ట్రం అడిగేవాళ్లు ఒక గుర్తు మీద నిలబడ్డారు. బాపు పార్టీ ఇంకో గుర్తు మీద నిలబడింది. బాపు ఎప్పటిలాగే బెండకాయలు తెచ్చాడు.

ఆ ఆదివారం వాకిట్లో ఎప్పుడూ ఉన్నంత నవ్వులు లేవు. అందరూ వరసగా ముద్రలు వేస్తున్నారు, నీలం పువ్వులన్నీ బాపు గుర్తు మీదే పడుతున్నాయి. పిన్ని వంతు వచ్చింది. ఆమె బెండకాయ ముంచి, కాయితం కాసేపు చూసి, ప్రత్యేక రాష్ట్రం గుర్తు మీద గట్టిగా ఒత్తింది. వాకిట్లో అందరూ బాపు వైపు చూశారు. ఒకామె చంకలో పిల్ల కూడా ఏడుపు ఆపింది.

"మమ్మల్ని పొమ్మనే గుర్తు ఎలా ఉంటుందో ఒకసారి చూసుకోవద్దూ అన్నయ్యగారూ" అంది పిన్ని.

బాపు ఆ కాయితం తీసి పక్కన పెట్టి, ఇంకోటి ఇచ్చాడు. ఈసారి ఆమె బాపు గుర్తు మీద వేసి, బుద్ధిగా నిలువుకు మడిచింది. తర్వాత నా వంతు. బెండకాయ చేతిలో ఉంది. నీలం నీళ్లు కారి నా వోణీ మీద పడుతున్నాయి. ఉత్త పాఠమే అయినా నాకు ఏ గుర్తు మీదకీ చెయ్యి పోలేదు. చదువుకున్న పిల్లకు ఇవన్నీ నేర్పాలా అంటూ పిన్నే నా చేతిలోని ముక్క తీసుకొని పక్కామెకు ఇచ్చేసింది. నన్ను కాపాడింది. నా మనసులో ఏముందో ఆమెకు తెలిసిపోయిందని కూడా అప్పుడే అర్థమైంది.

ఆ వారమంతా నా పని అడకత్తెరలో పోకచెక్కే. బాపుకు ఎదురు వేయడం నాకు పెద్ద కష్టం కాదు. రోజూ వాదిస్తూనే ఉన్నాం కాబట్టి అది ఇంకో వాదన అంతే. ముందు వాటా సంగతే తెగడం లేదు. నా ఓటుతో రాష్ట్రం వస్తే బాబాయి నౌకరీ ఇక్కడ ఉండదు. వేయకపోతే పక్క బెంచీ పిల్ల ముఖం చూడలేను. ఓటింగు ముందు రోజు సాయంత్రం వారపత్రిక పట్టుకొని మెట్టు దగ్గరికి వెళ్లాను. అమ్మ అప్పటికింకా రాలేదు. చదవబోతుంటే పిన్ని చాట కింద పెట్టింది.

"మేం పోతే నీకు బాగుంటుందా?"

"మీరెందుకు పోవాలె పిన్నీ? మీరు పోవద్దు. మా రాష్ట్రం మాకు కావాలె, అంతే."

"రెండూ ఎలా కుదురుతాయే పిచ్చిపిల్లా."

ఆమె కోపంగా అనలేదు. లెక్క తప్పు చేసిన పిల్లను అడిగినట్టే అడిగింది. అమ్మ రాళ్ల పళ్లెంతో రావడంతో సీరియల్ చదవడం మొదలుపెట్టాను. ఏం చదివానో నాకే తెలియదు.

ఓటింగు మా గల్లీ చివర బడిలో జరిగింది. రెండు వాటాల ఆడవాళ్లం కలిసే వెళ్లాం. వరసలో నా వెనక పిన్ని నిలబడింది. లోపల బాపు ఏజెంటుగా బెంచీ మీద కూర్చొని, ముందు జాబితా పెట్టుకొని ఉన్నాడు. ఆఫీసరు నా పేరు చదివి, తండ్రి పేరు కూడా చదివాడు. బాపు ఇస్త్రీ చొక్కా సర్దుకొని, అది నేనే అన్నాడు. గదిలో అందరికీ వినబడేలా అన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను మెట్రిక్ పాసైనప్పుడు కూడా చూడలేదు.

అట్ట అడ్డంగా పెట్టిన మూలకు పోయాను. రబ్బరు ముద్ర నా చేతిలో ఉంది. బయట పిన్ని ఎవరితోనో నీడకు జరగమని చెబుతున్న గొంతు వినిపిస్తోంది. ఆ గొంతు వింటూనే ప్రత్యేక రాష్ట్రం గుర్తు మీద ముద్ర వేశాను. ముద్ర గీత మీద పడలేదు. బాపు నేర్పిన మడతతో బాపుకు ఎదురు ఓటు మడిచి, ఆయన కళ్ల ముందే పెట్టెలో వేసి బయటికి వచ్చాను. తప్పు చేశానని అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. మళ్లీ అదే రోజు వస్తే అదే గుర్తు మీద వేస్తాను. అయినా బడి గేటు దాటేసరికి నా కళ్లు నిండిపోయాయి.

ఓటింగు రోజు రెండు వాటాలూ కలిసి తినడం మా ఆనవాయితీ. పిన్ని పులిహోర చేసింది, అమ్మ సర్వపిండి కాల్చింది. ఎవరు ఎవరికి వేశారో అడగకూడదని బాపు పెట్టిన రూలు. అందరిదీ ఒకటే అయినప్పుడు ఆ రూలు ఉత్త ముచ్చట. ఈసారి దాని బరువు నాకు తెలిసింది. పిన్ని నా పళ్లెంలో మారు వడ్డించింది. వద్దంటే ఊరుకోలేదు. నేను వేసిన ఓటు ఈ చెయ్యిని ఇక్కడి నుంచి పంపేస్తుందా అని ఆ చెయ్యినే చూస్తూ తిన్నాను.

నా వాళ్లు గెలిచారు. గెలుపు ఊరేగింపు బ్యాండుతో, గులాలుతో మా గల్లీలోకి వచ్చింది. బాపు లోపలి గదిలో పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. కాళ్లు బయటికి లాగుతున్నాయి. పిన్ని వచ్చి గొళ్లెం తీసింది.

"వెళ్లి చూడు, నీ వాళ్లే కదా" అంది.

అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, పోట్లాడి ఏడ్చేదాన్ని. నేను వెళ్లలేదు. బ్యాండు మా ఇల్లు దాటి, స్టేషను వైపు పోయి వినబడకుండా పోయింది.

ఎండలు తగ్గకముందే బాబాయి తమ వైపుకు బదిలీ పెట్టుకున్నాడు. ఎవరూ పొమ్మనలేదు. ఉండమని బాపు ఎంతో చెప్పాడు, యూనియన్ ఉంది, నేనున్నా, ఎవడేం చేస్తాడని. బాబాయి నవ్వి, రోజూ నీ సైకిలు వెనక ఎన్నాళ్లు కూర్చోను అన్నయ్యా అన్నాడు. సామాను కట్టే రోజు బాపు పరుపుచుట్టకు తాడు బిగించి, సరిగా లేదని విప్పి, మళ్లీ బిగించాడు. అలా చేస్తూనే ఉంటే అమ్మ వచ్చి ఆయన చేతిలోంచి తాడు తీసుకుంది. పిన్ని ట్రంకుపెట్టె నాకిచ్చి, కథలు మధ్యలో ఆపకుండా అమ్మకు చదివి పెట్టమంది. రిక్షా కదిలాక కూడా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

వాళ్లు పోయాక సాయంత్రాలు నాకు పనికిరాకుండా పోయాయి. అమ్మ రాళ్ల పళ్లెంతో మా వాటాలోనే కూర్చునేది. చదువుదామని పత్రిక తీస్తే ఇద్దరికీ మనసొచ్చేది కాదు. గల్లీలో ఎవరైనా సొరకాయ అంటారేమోనని చెవి పెట్టుకొని ఉండేదాన్ని. ఎవరంటారు, ఉన్న ఒక్కరినీ పంపించుకున్నాం కదా.

ఇంతలోనే ఆ సంగతి తెలిసింది. మేం గెలిపించినవాళ్లు పోయి ఢిల్లీలో రాజ్యమేలే పార్టీలో కలిసిపోయారు. ఏరు దాటి తెప్ప తగలేశారు. రాష్ట్రం ఊసే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. తూటాకు పోయిన పిల్లవాడు, నా గొంతు, నా ఓటు, అన్నీ కలిపి ఎవరికో పలహారం పెట్టినట్టయింది. ముందు వాటాకు ఇంకా ఎవరూ రాలేదు, తాళం వేసి ఉంది. వెళ్లి ఆ మెట్టు మీద కూర్చున్నాను.

బాపు డ్యూటీ దిగి వచ్చాడు. చేతిలో పేపరు ఉంది. ఇక మొదలుపెడతాడు, నేను చెప్పలేదా అంటాడు, అననీ, పడతాను అనుకున్నాను. ఆయన సైకిలు గోడకు ఆనించి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పేపరును నాలుగు మడతలు పెట్టాడు.

"నేను సుత గా గుర్తుకే ఏద్దామనుకున్న బిడ్డా" అన్నాడు చివరికి.

నాకు మొదట అర్థం కాలేదు.

"నువ్వు చెప్పేదాంట్ల న్యాయం ఉన్నదని నాకు ఎప్పుడో ఎరుక. ముద్ర పట్టుకొని మస్తు సేపు నిలవడ్డ. మీ బాబాయి మొకం యాదికొచ్చింది. చెయ్యి రాలె. మా గుర్తుకే ఏసి వచ్చిన."

"నాకెందుకు చెప్పలే బాపు?"

"చెప్తే నీ చెయ్యి సుత రాకపోయేది."

ఇన్నాళ్లూ పార్టీ అనుకున్నది పార్టీ కాదన్నమాట. స్నేహితుడు ఇక్కడే ఉండాలని ఆయన తన మనసుకు ఎదురు ఓటేశాడు. నేను నా మనసు ప్రకారం వేశాను. ఆయన ఓటు స్నేహితుణ్ని ఆపలేదు, నా ఓటు రాష్ట్రాన్ని తేలేదు. ఇద్దరం ఒకే మెట్టు మీద కూర్చున్నాం.

"వాడు గిన ఉంటే గీ ముచ్చట చెప్పుకొని నవ్వుకుందుము" అన్నాడు బాపు. "పార్టీల చెప్తే బాగుండదు. వానికొక్కనికే చెప్పుకునే ముచ్చట గిది. ఇంకెవరున్నరు బిడ్డా?"

నేనున్నాను కదా బాపు అనాలి. నోటిదాకా వచ్చింది. కానీ అప్పుడు నాకూ నా మాట చెప్పుకోవడానికి పిన్నే కావాలి, ఆయన కాదు.